దూలాలు వెయ్యని ఏడాది

ఆ రోజు మా ఇంట్లో ఉన్నది వీళ్లు. లోపలి గదిలో మంచం మీద మా అక్క కృపారాణి, ఎనిమిదో నెల, తొలికాన్పుకి వచ్చింది. దాని కాళ్ల దగ్గర విసనకర్రతో పరంజ్యోతి మామ్మ. వంటింట్లో అమ్మ, పెద్ద గిన్నెలో టీ మరగబెడుతూ. గదికీ వీధి వసారాకీ మధ్య, గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి కూర్చుని నేను. వసారాలో నాన్న, మడతల గీతలు ఇంకా పోని కొత్త తెల్లచొక్కాలో, కూర్చోకుండా నిలబడి. కుర్చీల్లో ఎమ్మెల్యే నరసింగరావు గారు, ఆయన పీఏ త్రినాథ్, ఊరి పాత సర్పంచి దాలయ్య మావ. అరుగు చివర ఆడవాళ్ల మధ్య దాలయ్య మావ కోడలు నీలవేణి వదిన, ఆమెకీ ఎనిమిదో నెలే, రెండో కాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్లలేదు. వాకిట్లో పందిరి కింద మా పేటవాళ్లూ ఊరివాళ్లూ కలిసి అరవై మంది దాకా. ఇంకా వసారా గోడ మీద, చర్చి క్యాలెండరు పక్కన, అద్దం బిగించి దండ వేసిన ఒక కాగితం. దాన్ని కూడా లెక్కలో వేస్తున్నాను. వచ్చినవాళ్లంతా మా నాన్నకంటే ముందు దాన్నే పలకరించారు.

ఎమ్మెల్యే గారు పది గంటలకి వచ్చారు. వస్తూనే మామ్మ కంటి ఆపరేషన్ సంగతి అడిగారు. ఆయనకి అందరి కళ్లూ, అందరి మోకాళ్లూ గుర్తుంటాయి. చెడ్డమనిషి అయితే నాకు బాగుండేది. బడ్జెట్ సమావేశాలు అయిపోయిన ప్రతిసారీ ఇలాగే ఊరూరూ తిరిగి, సభలో ఏం జరిగిందో, మనకేం వచ్చిందో చెబుతారు. పోయినేడు రామాలయం దగ్గర చెప్పారు, మేం దూరంగా నిలబడి విన్నాం. ఈ ఏడు మా ఇంటి వసారాలో చెబుతున్నారు. కాగితం ఇక్కడుంది కాబట్టి. “బడ్జెట్టంటే ఏటనుకున్నారు? పెళ్లివంట లాటిది. బాన నిండా ఉడికిపోనాది కదాని కూకుంటే మన ఇస్తట్లోకి రాదు. వడ్డించేవోడి రెక్క పట్టుకోవాల. నాను పట్టుకున్నాను,” అంటున్నారు. నవ్వులు. నాన్న నవ్వు అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా వినిపించింది. గోడ వేడిగా ఉంది. మే నెల గోడ, ఉదయం పదికే వేడెక్కిపోతుంది, వీపు అంటుకుపోతుంది, అయినా జరగలేను. జరిగితే గుమ్మంలోంచి కనిపిస్తాను. కనిపిస్తే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిస్తే చదవమంటారు. ఈసారి చదివితే అంతా చదవాలి.

త్రినాథ్ రంగుల కరపత్రాలు పంచుతున్నాడు. ఒకటి గాలికి ఎగిరి గుమ్మం దాటి నా కాలి దగ్గర పడింది. ఒక వైపు ఎమ్మెల్యే గారు మైకు ముందు నిలబడ్డ బొమ్మ, రెండో వైపు ఆయన సభలో లేవనెత్తిన విషయాలు. తొమ్మిదోది మాదే. మొగలివలస వద్ద ఊటగెడ్డపై వంతెన, సభలో ప్రస్తావించడమైనది. ప్రస్తావించడమైనది. అంతే ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. పదో తరగతి సాంఘికశాస్త్రంలో శాసనసభ విధులు రాయమంటే నేనూ అలాగే రాశాను, సభ్యులు ప్రశ్నలు అడుగుతారు, మంత్రులు సమాధానాలిస్తారు, బడ్జెట్‌ను చర్చించి ఆమోదిస్తారు. నాలుగు మార్కులకి నాలుగు. సమాధానం ఇచ్చాక ఏమవుతుందో పుస్తకంలో లేదు.

ఆ కాగితం మార్చి నెలాఖరున వచ్చింది. త్రినాథే బండి మీద తెచ్చాడు, “మీ ఊరి పేరు అసెంబ్లీలో పలికేరు” అంటూ పేట మొదట్లోనే హారన్ కొట్టుకుంటూ. నాన్న ఆరేళ్లుగా అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ అర్జీలన్నీ నేనే రాశాను, నాలుగో తరగతిలో ఉన్నప్పటి గుండ్రటి అక్షరాలు మొదలుకొని. నాన్న అయిదు దాకా చదివాడు. బైబిలు చదవగలడు, అలవాటైన వాక్యాలు కాబట్టి. ఆఫీసు తెలుగు చదవలేడు. “పద్మా, రాయే, సదువు. గట్టిగా సదువు,” అన్నాడు. నేను చర్చిలో కూడా పెదాలు మాత్రమే కదుపుతాను. అరుగు మీద నిలబెట్టారు. కాగితంలో రెండు వరసలు, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. ఎడమవైపు మొదలుపెట్టాను. గౌరవ మంత్రివర్యులు ఈ క్రింది విషయములను దయచేసి తెలియజేయుదురా. (అ) మొగలివలస గ్రామం వద్ద ఊటగెడ్డపై వంతెన నిర్మించు ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా. (ఆ) ఉన్నట్లయితే పనులు ఎప్పటిలోగా చేపట్టగలరు. (ఇ) అందుకు కేటాయించిన మొత్తమెంత. మొగలివలస అనగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వంతెన అన్న మాట వచ్చేసరికి చర్చి డ్రమ్ము తెచ్చేశారు. మామ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం స్తోత్రం అంటోంది. మిగతా రెండు ముక్కలూ నేను చదివాను, కానీ నాకే వినిపించలేదు. అప్పుడు నా కళ్లు కుడివైపుకి వెళ్లాయి. (అ) లేదండీ. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. నాన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని కళ్లకద్దుకున్నాడు. మూసిన కళ్లు. ఆ రెప్పల కింద తడి. అలా కళ్లు మూసుకున్న మనిషికి లేదు అని ఎలా చెబుతారు? ఎప్పుడు చెబుతారు? కళ్లు తెరిచేదాకా ఆగుదాం అనుకున్నాను. తెరిచేలోగా దాలయ్య మావ వచ్చాడు. ఎప్పుడూ మా పేట మొదట్లో చింతచెట్టు దగ్గరే ఆగి, “ఒరే పెకాషూ” అని కేకేసేవాడు. ఆ రోజు ఆగలేదు. వచ్చి మా అరుగెక్కి, మా కుర్చీలో కూర్చుని, “ఏటి పెకాషూ, అసెంబ్లీనే కదిపేసినావు, మాకు టీ నీళ్లయినా పొయ్యవేటి?” అన్నాడు. అమ్మ గ్లాసు కడిగింది, మళ్లీ కడిగింది. దాలయ్య మావ మా ఇంటి టీ చివరి చుక్క దాకా తాగాడు. ఆయన వెళ్లాక నాన్న ఆ గ్లాసు తీసి బట్టల అలమరలో పెట్టాడు. మరెవరూ తాగకూడదట. ఆ రాత్రి డైరీలో ఇలా రాశాను, ఈ రోజు నాన్న నా చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ లేనంత పొడుగ్గా కనిపించాడు, రేపు చెబుతాను. మర్నాడు నాన్న రాజాం వెళ్లి కాగితానికి అద్దం బిగింపించుకొచ్చాడు. రేపు చెబుతాను అని పదకొండు సార్లు రాసి, తర్వాత రాయడం మానేశాను.

మరెవరూ చదవలేదా అంటే చదవడానికి వస్తూనే ఉన్నారు. చదువుకున్న మగవాళ్లు విశాఖలో, చెన్నైలో కట్టుబడి పనుల్లో ఉన్నారు. ఉన్నవాళ్లు వచ్చి, అద్దం మీద వేలు పెట్టి, వెతికి, మొగలివలస దొరకగానే ఆగిపోతారు. ఊరి పేరు దొరికాక ఇంకేం చదువుతారు? నేనూ పదో తరగతి ఫలితాల్లో నా నంబరు దొరకగానే పక్కవాళ్ల నంబర్లు చూడలేదు. పైగా అమ్మ వేసిన దండ కుడివైపుకి జారి ఉంటుంది. దాన్ని ఒకసారి నేనే సర్దాను. సర్ది, అక్షరాలు కనిపించగానే భయమేసి మళ్లీ జార్చేశాను. అంటే దాచింది నేను కూడా.

“పద్నాలుగు రోజులు సభ జరిగితే పద్నాలుగు రోజులూ నాను ఉన్నాను. ఒక్క పూట మానలేదు. కొందరుంటారు, సంతకమెట్టేసి క్యాంటీన్లో కూకుంటారు,” అంటున్నారు ఎమ్మెల్యే గారు. ఎవరో వెనక నుంచి, “క్యాంటీన్లో ఏటి పెడతారు బాబూ?” అన్నారు. పందిరి కింద నవ్వులు. “ఇడ్లీయే. మీ ఆడది సేసినంత మెత్తగుండదు లే,” అన్నారాయన, ఇంకా నవ్వులు. అక్క కూడా నవ్వింది. నవ్వితే కడుపు ఎగిరింది, దాని మీద చెయ్యి వేసి పట్టుకుని, “ఒలే పద్దూ, వీడికి ఎమ్మెల్యే గారి మాటలు నచ్చినాయే, తన్నేస్తన్నాడు,” అంది. నేను ఆ కడుపు వైపు చూడలేకపోతున్నాను. జూలై ఆఖరు వారం అని డాక్టరమ్మ చెప్పింది. జూలై ఆఖరుకి ఊటగెడ్డ రెండు గట్లూ ఒరుసుకుని పారుతుంది.

ఊటగెడ్డ దాటకుండా మా ఊరి నుంచి ఎక్కడికీ వెళ్లలేం. ఎండాకాలం ఇసుకలో నడిచిపోతాం, ఆటోలు కూడా దిగిపోతాయి. వానలకి మాత్రం దూలాలే. ఏటా మే నెల చివరి ఆదివారం చర్చి అయ్యాక దూలాల రోజు. ముదురు తాటిచెట్లు ముందే నరికి ఎండేసి ఉంచుతారు. ఆరు దూలాల్ని రెండేసి చొప్పున మోకులతో బిగించి, గెడ్డ మధ్య రెండు రాళ్లదిమ్మల మీద కలుపుతారు. ఆ ఒక్కరోజు ఊరి మగవాళ్లూ పేట మగవాళ్లూ ఒకే దూలం కింద భుజాలు పెడతారు. భుజం భుజం తగులుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. పాస్టరు గారు మొదటి దూలం మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు, అదే దూలం మీద దాలయ్య మావ గంగమ్మకి కొబ్బరికాయ కొడతాడు. ఆ నీళ్లు పాస్టరు గారి పాంటు మీద చిందుతాయి, ఏటా చిందుతాయి, ఏటా ఇద్దరూ నవ్వుతారు. ఆడవాళ్లు గట్టు మీద గంటిజావ కాస్తారు. సాయంత్రానికి ఇటు నుంచి అటు మొదట పిల్లల్ని నడిపిస్తారు, దూలం కదులుతుందో లేదో చూడ్డానికి. నేను ఆరేళ్లప్పటి నుంచీ నడిచాను. ఈ వచ్చేదే మే చివరి ఆదివారం. ఇవాళ గురువారం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతారు, వంతెన వస్తుంటే. దూలాలు లేవు కూడా. నరికి ఎండేసిన ఆరింటినీ ఏప్రిల్లో దాలయ్య మావ కొత్త పశువులశాలకి వాసాలుగా కోయించేశాడు.

కోస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పాలకి వెళ్లాను. ఇద్దరు మనుషులు రంపం పట్టుకుని లాగుతున్నారు, ఎర్రటి పొట్టు నేల మీద రాలుతోంది, తాటి చేవ ఇనుములా ఉంటుంది, రంపం కీచుమంటోంది. పాలచెంబు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. మొదటి దూలం అయిపోయింది. ఇంకా అయిదున్నాయి, ఇప్పుడు చెబితే అయిదు మిగులుతాయి అనుకున్నాను. రెండోది ఎత్తారు. నాలుగు మిగులుతాయి. “ఏటే గుంటా, అలగ గుడ్లప్పగించి సూస్తన్నావు? దూలాలు కోసెత్తే బెంగా? మరింక ఆటి మీద నడిసే పన్లేదే, మీ అయ్య పున్నేన కారుల్లో ఎల్తారు మీరు,” అన్నాడు దాలయ్య మావ. ఏటీ నేదు మావా, అన్నాను. చివరి దూలానికి రంపం పెట్టే ముందే పరిగెత్తి వచ్చేశాను, పాలు సగం ఒలికిపోయాయి. అమ్మ తిట్టింది. ఆ తిట్లు తినడం ఆ రోజు ఎంత హాయిగా ఉందో.

దాలయ్య మావ వీపు వాసన నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో, ఆగస్టులో, బడి నుంచి వస్తూ దూలం మధ్యలో నీళ్లవైపు చూశాను. చూడకూడదు. చూస్తే నీళ్లు ఆగిపోయి దూలమే పరిగెడుతున్నట్టుంటుంది. రెండు చేతులతో దూలాన్ని కావలించుకుని కూలబడిపోయాను. అటు గట్టు మీద పొలం నుంచి వస్తున్న దాలయ్య మావ పంచె ఎగ్గట్టి వచ్చి, నన్ను వీపుకెత్తుకున్నాడు. పొగచుట్ట, చెమట, వరిగడ్డి కలిసిన వాసన. గట్టు మీద దింపి, “మీ యింటికెల్లి నాను ఎత్తుకున్నానని సెప్పకు, మా ముసల్ది నీల్లు పోసుకోమంటాది,” అని కన్ను కొట్టాడు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. ఆ మనిషికి చెప్పలేకపోయాను.

మా పేటలోని తాతమ్మ పిన్ని సంగతి మాత్రం గుర్తు తెచ్చుకోకూడదు అనుకుంటూనే ఉన్నాను. నాలుగేళ్ల కిందట సెప్టెంబరు వరదకి దూలాలు కొట్టుకుపోయి మూడు రోజులు దారి లేదు. రెండో రోజు సాయంత్రం తాతమ్మ పిన్నికి నొప్పులు. మంచం మీద గట్టు దాకా మోసుకొచ్చారు. అవతలి గట్టుకి 108 వచ్చింది. కనిపిస్తోంది, దాని నీలం లైటు తిరుగుతోంది, డ్రైవరు దిగి చేతులు ఊపుతున్నాడు. మధ్యలో మూడు తాటిచెట్ల పొడవు నీళ్లు. ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టారు. మమ్మల్ని వెనక్కి తిరగమన్నారు. వెనక్కి తిరిగి నిలబడి లైటు మా ముందున్న కంచె మీద ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టాను. బిడ్డ పుట్టింది అన్నారు. ఏడుపు కోసం చూశాను. లైటు తిరుగుతూనే ఉంది. నూట నలభై దాకా లెక్కపెట్టాను, ఏడుపు రాలేదు. దూలాలు వేసిన ఏడే అలా అయింది. దూలాలే లేని ఏడు, జూలై ఆఖరు వారం, మా అక్క. మా అక్కే కాదు, అరుగు చివర నీలవేణి వదిన, మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటూ, తలుపు సందులోంచి సగం ముఖమే కనిపిస్తోంది. ఆమె, అక్క రోజూ సాయంత్రం కడుపులు పోల్చుకుంటారు. నీది కిందికుంది మగోడే, నీది గుండ్రంగుంది ఆడదే. మొన్న వదిన, “ఇద్దరం ఒకే కారులో ఎల్దామే కిర్పా, కిరాయి కలిసొస్తాది,” అంది.

ఉత్పన్నం కాదు అంటే ఏమిటి టీచర్ అని బడి ఆఖరి రోజుల్లో అడిగాను, ఎక్కడ చూశానో చెప్పకుండా. పుట్టదు అని అర్థం, మొదటిదే లేదన్నాక తర్వాతి ప్రశ్న పుట్టదు అన్నారు. ఏదో ఒక చిన్న మెలిక ఉంటుందని, పెద్దవాళ్ల భాషలో లేదు అంటే ఇప్పుడు లేదు తర్వాత ఉంది అని ఉంటుందేమో అని అనుకున్నాను. లేదు. లేదంటే లేదే.

“మరి బాబూ,” దాలయ్య మావ గొంతు. ఆయన మాట్లాడితే అందరూ వింటారు. “పని ఎప్పుడు మొదలౌతాదో ఆ ముక్క సెప్పండి. వానలొచ్చేత్తన్నాయి కదా. కంకరా అదీ దింపితే మా బళ్లు పెడతాం.” ఇప్పుడు చెబుతారు. ఆయనే చెప్పేస్తారు, ఇంకా లేదు మావా, ఈ ఏడుకి దూలాలే వేసుకోండి అని ఒక్క మాట. నేను చెప్పక్కర్లేదు. దేవా, ఆయన చేత చెప్పించు. ఎమ్మెల్యే గారు గొంతు సవరించుకున్నారు. “మావా, సభలో ప్రశ్న పడ్డమంటే సిన్న సంగతి కాదు. ఏభై ఏళ్లలో మొగలివలస పేరు పలికినోడెవడు? ఇత్తనం పడ్డాది. ఇత్తనం పడ్డాక మొలక రాకేటౌతాది? వచ్చే బడ్జెట్ నాటికి...” చప్పట్లు ఆ మాటని మింగేశాయి. వచ్చే బడ్జెట్. అంటే మళ్లీ మార్చి. మధ్యలో ఒక వానాకాలం మొత్తం ఉంది. దాలయ్య మావ వేళ్లు లెక్కపెడుతున్నాయి, సందులోంచి కనిపిస్తున్నాయి, బొటనవేలు ఒక్కో కణుపు మీదుగా జరుగుతోంది, జూన్, జూలై, ఆగస్టు. ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న కాగితం వైపు చూశాడు.

“ఫోటో తీసుకుందాం,” అన్నాడు త్రినాథ్, గబగబా. “ఆ పటం దించండి. ఎమ్మెల్యే గారూ, ప్రకాష్ గారూ, మధ్యలో పటం.” ప్రకాష్ గారూ. దించారు. దండ తీసి పక్కన పెట్టారు, అద్దం తుడిచారు. కుడివైపు మొత్తం తెరుచుకుంది. నాకు ఇక్కడి నుంచి అక్షరాలు కనిపించవు, తెల్లగా మాత్రమే కనిపిస్తోంది, ఎడమవైపు నల్లగా నిండి, కుడివైపు దాదాపు ఖాళీ. ఎవరికైనా తెలియాలి, అంత పెద్ద ప్రశ్నకి అంత చిన్న జవాబేమిటని. దాలయ్య మావ పటం చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, కళ్లద్దాలు తేలేదు. “ఒకపాలి సదివించండి బాబూ. ఆవేళ డ్రమ్ములతో ఏటీ ఇనపళ్లేదు. మా పెకాషు గుంట బాగా సదువుతాది. ఒరే పెకాషూ, పిలు దాన్ని.”

“దానికి సిగ్గు మావా. ఒద్దులే,” అన్నాడు నాన్న.

“సిగ్గేటి? పదిలో తొమ్మిదిన్నర పాయింట్లు తెచ్చుకున్నాదట. రమ్మను రమ్మను,” అన్నారు ఎమ్మెల్యే గారు. ఆయన అన్నది మర్యాదకే, చేతి గడియారం చూసుకుంటూ. త్రినాథ్ ఆయన చెవిలో ఏదో అన్నాడు. నీలవేణి వదిన అరుగు చివర నుంచి, “ఒలే పద్దూ, రాయే, మాకూ ఇనిపించు,” అని పిలిచింది. మామ్మ విసనకర్ర ఆపి, “పోయే తల్లీ,” అంది. అక్క నా మోచెయ్యి తాకి, “ఏటే, ఇలగ సల్లబడిపోనావు? ఒల్లంతా సెమట,” అంది. నేను లేచాను. కాళ్లు లేచాయి, నేను వాటి వెనక వెళ్లాను. కాగితం అక్కర్లేదు. రెండు నెలలుగా అది కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. మొదటి ప్రశ్న వాళ్లకి గుర్తుంది. నేను జవాబు మొదటి ముక్క అంటే చాలు. ఒకే మాట. ఇంకా గురువారమే. శుక్రవారం, శనివారం తాటిచెట్లు నరకొచ్చు. పచ్చివైనా పర్వాలేదు, ఒక్క ఏడాదికి ఆగుతాయి. ఆదివారం కాకపోతే పై ఆదివారం. ఇంకా టైముంది, ఒక్క మాట.

గుమ్మం మీద నిలబడ్డాను. అరవై ముఖాలు. ఎండ. అన్ని ముఖాలూ కలిసి ఒకే ముఖంలా ఉన్నాయి, దానికి పళ్లు కనిపిస్తున్నాయి, నవ్వుతోంది, నా కోసం. దాలయ్య మావ పటం నా వైపు తిప్పి పట్టుకున్నాడు. నాన్న నాకు అందరికంటే దగ్గరగా, రెండడుగుల్లో ఉన్నాడు. నీళ్లవైపు చూడకూడదు. చూడలేదు. “లేదండీ,” అన్నాను.

“గట్టిగా, గట్టిగా,” అన్నారు వెనక నుంచి. “గొంతు ఇంట్లో ఎట్టేసి వచ్చినావేటే,” అని ఎవరో. నవ్వులు. ఎవరికీ వినబడలేదు. నాన్నకి వినబడింది. వినబడినప్పుడు నాన్న ముఖం ఎలా అవుతుందో రెండు నెలలుగా రోజూ ఊహించుకున్నాను. పగిలిపోతుందనుకున్నాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఏమీ మారలేదు. అది నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాన్న వాకిలి వైపు తిరిగి, నవ్వుతూ, “దీనికి గొంతు పట్టేసిందండి, నిన్నట్నించి జొరం,” అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి తిప్పాడు. చెయ్యి మెత్తగానే ఉంది. గుమ్మంలో ఇద్దరమే. ఆయన వీపు వాళ్లకి, నోరు నా చెవి దగ్గర.

“నాకు తెలుసే. రాజాంలో అద్దం బిగించినోడే సదివి సెప్పేడు.”

రాజాం. అంటే మర్నాడే. నేను రేపు చెబుతాను అని రాసుకున్న ప్రతి రేపూ నాన్నకి తెలుసు. దూలాలు కోస్తున్న రోజు కూడా తెలుసు. చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి బయట, ఫోటోకి నిలబడుతున్నారు, “ప్రకాష్ గారూ” అని త్రినాథ్ పిలుస్తున్నాడు. “వస్తన్నానండి,” అన్నాడు నాన్న వెనక్కి తిరక్కుండా. తర్వాత నాకు, ఇంకా మెల్లగా, “వచ్చే బడ్జెట్లో ఎట్టిస్తానని మాటిచ్చేరు ఆయన. అందాకా నోరు మెదపొద్దన్నారు. ఇప్పుడిది సెప్తే, మరి మన గుమ్మం ఎవుడు తొక్కుతాడే? దాలయ్య మావ మల్లీ సింతసెట్టు కాణ్నించే పిలుస్తాడు.”

“మరి అక్కో?” అన్నాను.

“మీ అక్కకి రాజాంలో ఆసుపత్రి పక్కనే గది మాటాడేసేను. వానల్పడక ముందే దింపేస్తాను. నువ్వు బెంగెట్టుకోకు.”

నిజం రాయాలి. మొదట వచ్చింది సంతోషమే. రెండు నెలలుగా గుండెల మీద ఉన్నదేదో దిగిపోయింది. అక్క రాజాంలో ఉంటుంది. మంచం వీధిలోంచి మొయ్యక్కర్లేదు, గట్టు మీద చీరలు పట్టక్కర్లేదు, అక్క పిల్లాడు ఆసుపత్రిలో ఏడుస్తాడు. లోపలికి ఒక అడుగు వేశాను. మంచం మీద అక్క నన్నే చూస్తోంది, అది విన్నదేమో తెలియదు, రెండు చేతులూ కడుపు మీదే ఉన్నాయి. అది అలా కడుపు పట్టుకుని ఉండడం చూసి మళ్లీ వెనక్కి తిరిగాను. నాన్న భుజం పక్క నుంచి అరుగు చివర కనిపిస్తోంది. నీలవేణి వదిన ఫోటోలో పడాలని లేవబోతూ, ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, బరువుకి లేవలేక తనలో తను నవ్వుకుంటోంది.

“మరి నీలవేణొదినో?” అన్నాను. ఈసారి నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

నాన్న నా ముఖంలోకి చూడలేదు. బయటికి అడుగేసి తలుపు మూసేశాడు.